కరెంటు పెట్టే చేయి ఎవరిది?

నడుం పట్టేసినా, మోకాలు మొరాయించినా, పక్షవాతంతో చేయి పడిపోయినా ఇప్పుడు అందరి నోటా వినిపించే మాట ఫిజియోథెరపీ. మరి బోర్డు పెట్టినవారంతా ఆ చదువు చదివినవారేనా? ఆదోని, ఎమ్మిగనూరు లాంటి ఊళ్లలో సరైన ఫిజియోథెరపిస్టును గుర్తుపట్టేదెలా?

'పది రోజులు కరెంటు పెట్టిస్తే తగ్గుతాదంట!'

ఫిజియోథెరపీకి జనం పెట్టుకున్న పేరు ఇదే... కరెంటు పెట్టించుకోవడం. ఆదోని పత్తి మార్కెట్లో మూటలు మోసి అరిగిన నడుములు, ఎమ్మిగనూరులో గుంత మగ్గాల మీద వంగి వంగి పట్టేసిన మెడలు, సుగ్గికి గుంటూరు వైపు వెళ్లి మిరప చేలల్లో నలిగిన మోకాళ్లు... కర్నూలు జిల్లా పడమటి సీమలో వానలకు కరవుందేమో గానీ నొప్పులకు లేదు. అందుకే ఎవరు ఏ సలహా చెప్పినా అటు పరుగెడతాం.

నిజానికి కరెంటు ఈ వైద్యంలో చిన్న భాగమే. టెన్స్, ఐఎఫ్‌టీ లాంటి యంత్రాలు నొప్పిని కొంతసేపు తగ్గించడానికి ఉపయోగపడతాయి. బలహీనపడిన కండరానికి బలమిచ్చేదీ, బిగుసుకుపోయిన కీలును కదిలించేదీ, పడిపోకుండా నడక నేర్పేదీ వ్యాయామమే. అది ఎవరికి ఏది, ఎన్నిసార్లు, ఎక్కడ ఆపాలి అన్నది చెప్పడానికే ప్రత్యేకంగా ఓ చదువుంది.

చేయి తప్పితే...

పక్షవాతం వచ్చిన తాతను లేపడానికి పడిపోయిన చేతిని పట్టుకుని లాగితే భుజం కీలు జారే ప్రమాదముంది. మధుమేహంతో పాదాల్లో స్పర్శ తగ్గిన అవ్వకు వేడి కాపడం పెడితే కాలినా తెలియదు. ఆపరేషన్ తర్వాత పిక్క వాచిందని మర్దన చేస్తే లోపలి రక్తపు గడ్డ కదిలి ప్రాణం మీదకు రావచ్చు.

మరో నష్టం కాలం. పక్షవాతం తర్వాత కోలుకోవడంలో మొదటి మూడు నెలలు చాలా కీలకం. ఆ రోజులు తెలిసీ తెలియని చేతుల్లో గడిచిపోతే తిరిగి రావు.

చదువు ఏమిటి?

ఫిజియోథెరపిస్టుకు కనీస అర్హత బీపీటీ డిగ్రీ. ఇంటర్న్‌షిప్‌తో కలిపి నాలుగున్నరేళ్లు సాగే ఈ కోర్సును 2025లో వచ్చిన కొత్త పాఠ్యప్రణాళిక అయిదేళ్లు చేసింది. ఎంపీటీ ఆపై పీజీ. మన రాష్ట్రంలో చదివినవారిలో చాలామందికి విజయవాడలోని ఎన్టీఆర్ ఆరోగ్య విశ్వవిద్యాలయం పట్టా ఉంటుంది. పక్కనే కర్ణాటక కాబట్టి బెంగళూరులోని రాజీవ్ గాంధీ ఆరోగ్య విశ్వవిద్యాలయం పట్టా ఉన్నవారూ కనిపించవచ్చు. కొద్ది నెలల సర్టిఫికెట్ కోర్సులు ఈ డిగ్రీకి సాటిరావు.

చాలాకాలం ఈ వృత్తికి దేశమంతటికీ వర్తించే చట్టమే లేదు. 2021లో జాతీయ అనుబంధ, ఆరోగ్య సంరక్షణ వృత్తుల కమిషన్ చట్టం వచ్చింది. ప్రతి రాష్ట్రంలోనూ కౌన్సిల్, రిజిస్టరు ఉండాలని అది చెబుతోంది. అమలు మాత్రం నత్తనడక నడిచింది. 2024 ఆగస్టులో సుప్రీంకోర్టు కల్పించుకుని రాష్ట్రాలకు గడువు పెట్టాల్సి వచ్చింది. కాబట్టి రిజిస్ట్రేషన్ నంబరుతో పాటు డిగ్రీ పట్టానూ చూడటం మంచిది. వృత్తి సంఘంలో సభ్యత్వం వేరు, రిజిస్ట్రేషన్ వేరు.

పేరు ముందు 'డాక్టర్' ఉందా లేదా అన్నది కొలమానం కాదు. 2025 సెప్టెంబరు 9న ఫిజియోథెరపిస్టులు ఆ మాట వాడరాదంటూ కేంద్ర ఆరోగ్య సేవల డైరెక్టరేట్ లేఖ ఇచ్చి, మర్నాడే వెనక్కి తీసుకుంది. మనం చూడాల్సింది పేరు వెనకున్న అక్షరాలు.

దూరమైతే ఎలా?

ఆదోని నుంచి కర్నూలు దాదాపు 100 కిలోమీటర్లు. మంచాన ఉన్న మనిషిని రోజూ అంత దూరం తిప్పలేం. ముందుగా ఏరియా ఆసుపత్రి ఎముకల వైద్యులను అడిగి దగ్గర్లో అర్హులెవరో తెలుసుకోండి. లేదంటే కర్నూలు ప్రభుత్వ సర్వజన వైద్యశాలలో ఒకసారి పూర్తిగా పరీక్ష చేయించి, ఇంట్లో చేయాల్సిన వ్యాయామాలను రాయించుకోండి. రోగిని రోజూ చూసుకునే కోడలో కొడుకో పక్కనుండి నేర్చుకోవాలి. అనుమతి అడిగి సెల్‌ఫోన్లో వీడియో తీసుకుంటే మర్చిపోయే బెంగ ఉండదు. ప్రత్యేక అవసరాలున్న పిల్లలకైతే మండలాల్లోని 'భవిత' కేంద్రాల్లో ఫిజియోథెరపీ శిబిరాలు జరుగుతాయి. బడిలో అడిగితే వివరాలు చెబుతారు.

మొహమాటం వద్దు... అడగండి!

* 'సార్, మీరు బీపీటీ ఎక్కడ చేశారు? రిజిస్ట్రేషన్ నంబరుందా?' చదివినవారు ఈ ప్రశ్నకు నొచ్చుకోరు.

* మొదటిరోజు పాత రిపోర్టులు చూశారా? కదలికలు, బలం, స్పర్శ పరీక్షించారా? నేరుగా యంత్రం తగిలిస్తే అనుమానించాల్సిందే.

* ఎన్ని రోజులు పడుతుందో, ఎంతవుతుందో, మెరుగుదలను ఎలా కొలుస్తారో ముందే చెప్పారా?

* ఇంట్లో చేసే వ్యాయామాలు నేర్పారా?

* నడుం నొప్పితో పాటు రెండు కాళ్లూ తిమ్మిరెక్కినా, మూత్రం మీద అదుపు తప్పినా ఫిజియోథెరపీ కోసం ఆగకండి. వెంటనే పెద్దాసుపత్రికి వెళ్లండి.

బంగారం కొనేటప్పుడు హాల్‌మార్కు అడుగుతాం. నాన్న నడుమునో అమ్మ మోకాలినో అప్పగించేటప్పుడూ ఒక్క మాట అడిగితే తప్పేముంది?