కణితికి ఊపిరి అందిస్తే

చీకట్లో టార్చిలైటును అరచేత్తో మూసి చూడండి. వేళ్ల అంచులు ఎర్రగా వెలుగుతాయి. నీలం, ఆకుపచ్చ కాంతుల్ని రక్తం మింగేస్తుంది. ఎరుపు మాత్రం ఇంకాస్త లోపలికి పోగలుగుతుంది. కాంతితో క్యాన్సర్‌కు చికిత్స చేసే వైద్యులు ఎరుపును ఎంచుకున్నది అందుకే.

అక్రిడిన్ రంగు కలిపిన నీళ్లలో పారమీసియాలు వెలుతురు తగిలితే త్వరగా చచ్చిపోతాయనీ, చీకట్లో ఉంచితే చాలాసేపు బతుకుతాయనీ 1900లో మ్యూనిక్ విద్యార్థి ఆస్కార్ రాబ్ ప్రకటించాడు. ఈ చికిత్సకు మూలం అదే. 1995లో అమెరికాలో అన్నవాహిక క్యాన్సర్‌కు అనుమతి పొందిన ఫోటోఫ్రిన్ కూడా అలా కాంతికి స్పందించే పదార్థమే. 630 నానోమీటర్ల ఎర్రకాంతి పడగానే ఆ శక్తిని పక్కనున్న ఆక్సిజన్‌కు అందిస్తుంది. అలా రెచ్చిపోయిన ఆక్సిజన్ మైక్రోసెకన్లే బతుకుతుంది, వెంట్రుక మందంలో వందో వంతు దూరం కూడా వెళ్లదు. ఆ కాస్తలోనే కణం పొరల్ని ఛిద్రం చేస్తుంది.

చిక్కల్లా ఆ ఆక్సిజన్ దగ్గరే. కణితి పెరిగే జోరును రక్తనాళాలు అందుకోలేవు. పుట్టుకొచ్చినవీ వంకర టింకరగా ఉంటాయి. లోపలి కణాలకు ఊపిరాడదు. ఉన్న కొద్దిపాటి ఆక్సిజన్‌నూ చికిత్సే ఖర్చు చేసేస్తుంది. మందు ఉంది, వెలుగు ఉంది, కాలాల్సిన చోట గాలి లేదు!

గాయం మీద హైడ్రోజన్ పెరాక్సైడ్ పోస్తే నురగ పొంగడం మనం చూసిందే. రక్తంలోని కెటలేస్ అనే ఎంజైము దాన్ని నీరుగా, ఆక్సిజన్‌గా విడగొడుతుంది. క్యాన్సర్ కణాల్లో ఈ పెరాక్సైడ్ తరచు మామూలు కణాల్లోకన్నా ఎక్కువగా ఉంటుంది. దాన్నే విడగొట్టి అక్కడికక్కడ ఆక్సిజన్ పుట్టిస్తే? ఆ పనికి పరిశోధకులు వాడుతున్నవాటిలో మాంగనీస్ డయాక్సైడ్ నానోకణాలు ఒకటి. టార్చిలో వేసే మామూలు సెల్లులో ఉండే నల్లపొడిలో ముఖ్యమైనది ఇదే. కణితిలోని ఆమ్లగుణానికి అది కరుగుతూ పెరాక్సైడ్ నుంచి ఆక్సిజన్‌ను పుట్టిస్తుంది. క్యాన్సర్ కణాన్ని కాపాడే గ్లుటాథయోన్‌ను కూడా ఖర్చు చేయిస్తుంది. కరిగిన మాంగనీస్ ఎంఆర్ఐలో కనిపిస్తుంది కాబట్టి, మందు ఎక్కడికి చేరిందో వైద్యుడు చూడవచ్చు. ఒక్క పొడి ఇన్ని పనులు చెయ్యడం నాకు ఎంతో ఆశ కలిగిస్తుంది.

ఇనుముది మరో దారి. పెరాక్సైడ్‌ను అది తీక్షణమైన హైడ్రాక్సిల్ రాడికల్‌గా మారుస్తుంది. దీనికి వెలుగూ అక్కర్లేదు, ఆక్సిజనూ అక్కర్లేదు. ఐరన్ ఆక్సైడ్ నానోకణాలు ఎంజైముల్లా పనిచేస్తాయని 2007లో బీజింగ్‌లో యాన్ షియున్ బృందం చూపింది. అయితే ఈ చర్య బాగా సాగాలంటే కణితిలో ఉన్నదానికన్నా చాలా ఎక్కువ ఆమ్లత్వం కావాలి. అందుకే కాంతితో వేడెక్కే నానోకణాలను జోడించి దాన్ని వేగవంతం చేసే ప్రయత్నాలు జరుగుతున్నాయి.

ఈ ఫలితాల్లో అత్యధికం ఎలుకల్లో వచ్చినవి. అంతకుముందు పదేళ్ల పరిశోధనలను టొరంటోలో వారెన్ చాన్ బృందం 2016లో లెక్కగట్టి చూస్తే, ఎక్కించిన నానోకణాల్లో కణితిని చేరినవి సుమారు 0.7 శాతమే అని తేలింది. మిగిలినవాటిలో చాలాభాగాన్ని కాలేయం, ప్లీహం పట్టేసుకుంటాయి. ఎలుకలో కణితి కరిగిందన్న వార్త కనబడినప్పుడల్లా నేను మొదట వెతికేది ఇదే: ఎక్కించినదాంట్లో ఎంత చేరింది, చేరనిది కాలేయాన్ని వదలడానికి ఎన్నాళ్లు పట్టింది?