కాన్పు కష్టమైందా? బిడ్డ క్షేమం సరే.. తల్లి మనసు సంగతేంటి?

"బిడ్డ క్షేమంగా ఉంది కదా.. ఇంకేం కావాలి?" కష్టమైన కాన్పు తర్వాత దాదాపు ప్రతి ఇంట్లో వినిపించే మాట ఇది. ఆ మాటతో ఇంటిల్లిపాదీ ఊపిరి పీల్చుకుంటారు. కానీ చాలాసార్లు తల్లి నోరు మూతపడేది కూడా అక్కడే. కుట్లు మానుతాయి, రక్తం ఎక్కుతుంది. కానీ ఆ రాత్రి పడిన భయం మాత్రం కొందరిని వదలదు. ఆ భయం మనసులో గాయంగా మారకుండా ఆపొచ్చా? చాలావరకు ఆపొచ్చని వైద్య పరిశోధనలు చెబుతున్నాయి. అందుకు పెద్ద ఖర్చు కూడా అక్కర్లేదు.

అసలు ఏం జరుగుతుంది?

కాన్పు తర్వాత మొదటి వారంలో ఊరికే ఏడుపు రావడం, చిరాకు పడటం మామూలే. రెండు వారాల్లోపు అది తగ్గిపోతుంది. మానసిక గాయం వేరు. కాన్పు గదిలో జరిగిందంతా మళ్లీ మళ్లీ కళ్ల ముందుకొస్తుంది. పీడకలలు వస్తాయి. ఆసుపత్రి పేరెత్తితేనే గుండె దడ మొదలవుతుంది. కొందరు బిడ్డను ఒక్క క్షణం వదలలేరు. మరికొందరికి బిడ్డను ఎత్తుకోవాలనే అనిపించదు. ఇలా నెల దాటినా ఉంటే దాన్ని పీటీఎస్‌డీగా వైద్యులు అనుమానిస్తారు. వివిధ దేశాల అధ్యయనాలను కలిపి చూస్తే, ప్రసవించిన ప్రతి 100 మందిలో దాదాపు నలుగురిలో ఇది కనిపించింది. ఎమర్జెన్సీ ఆపరేషన్, అధిక రక్తస్రావం, నెలలు నిండని బిడ్డ లాంటి కష్టాలు ఎదురైన వారిలో 100కు 18 మంది వరకు ఉన్నారు.

మన దగ్గర పరిస్థితి ఎలా ఉంటుంది?

మదనపల్లె, పుంగనూరు, కుప్పం చుట్టుపక్కల పల్లెల్లో నొప్పులు మొదలైతే 108కి ఫోన్ వెళ్తుంది. కేసు క్లిష్టమైతే పెద్దాసుపత్రికి రాస్తారు. పుంగనూరు నుంచి మదనపల్లెకు, అక్కడా కుదరకపోతే తిరుపతికి వెళ్లాలి. కుప్పం వాళ్లకు పీఈఎస్ మెడికల్ కాలేజీ ఆసుపత్రి దగ్గర. కొందరు సుమారు 100 కిలోమీటర్ల దూరంలోని బెంగళూరుకు కూడా వెళ్తారు. ప్రాణం కాపాడేందుకు ఈ పరుగు తప్పదు. కానీ నొప్పులు పడుతూ అంబులెన్స్‌లో పడుకున్న ఆమెకు ఎక్కడికి తీసుకెళ్తున్నారో, ఎందుకు తీసుకెళ్తున్నారో ఒక్కరూ చెప్పకపోతే? మనసుకు దెబ్బ తగిలేది అక్కడే. ఆపరేషన్ ఎంత పెద్దదన్నది ఒక్కటే కాదు.. "నన్నెవరూ పట్టించుకోలేదు, నేను చచ్చిపోతానేమో అనుకున్నా" అన్న భావన కూడా గాయాన్ని లోతు చేస్తుంది.

కాన్పుకు ముందే..

నెలనెలా చెకప్‌కు వెళ్లినప్పుడే అడిగి తెలుసుకోవాలి. ఆపరేషన్ అవసరమైతే ఎక్కడ చేస్తారు? మత్తు ఎలా ఇస్తారు? బిడ్డను ఎన్‌ఐసీయూలో పెడితే తల్లి చూడొచ్చా? ముందే తెలిసిన విషయం ఆ సమయంలో అంతగా భయపెట్టదు. గతంలో గర్భస్రావమైనా, బిడ్డను పోగొట్టుకున్నా, డిప్రెషన్‌కు మందులు వాడినా డాక్టర్‌కు దాచకుండా చెప్పాలి. ఇలాంటి వారికి ముప్పు ఎక్కువ.

కాన్పు గదిలో..

నొప్పుల సమయంలో తనకు ఇష్టమైన మనిషి పక్కన ఉండాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2018లో సిఫార్సు చేసింది. మన కేంద్ర ఆరోగ్య శాఖ అంతకుముందే, 2016లో, ప్రభుత్వ ఆసుపత్రుల్లో తోడుకు అనుమతి ఇచ్చింది. 2017లో మొదలైన 'లక్ష్య' కార్యక్రమం కూడా కాన్పు గదిలో గౌరవంగా చూడటాన్ని ప్రమాణంగా పెట్టింది. కాబట్టి అమ్మనో, అక్కనో, అత్తమ్మనో తోడు ఉండనివ్వమని అడగడంలో తప్పులేదు. "బిడ్డ గుండె చప్పుడు తగ్గుతోందమ్మా, అందుకే ఆపరేషన్‌కు తీసుకెళ్తున్నాం" అని నర్సు చెప్పడానికి పది సెకన్లు పడుతుంది. అరవడం, కసరడం వల్ల మాత్రం తల్లికి ఆ గది జీవితాంతం గుర్తుండిపోతుంది.

ఇంటికొచ్చాక..

డిశ్చార్జ్‌కు ముందే ఏం జరిగింది, ఎందుకు జరిగింది అన్నది డాక్టర్‌ను అడిగి తెలుసుకోవాలి. "నా తప్పు వల్లే ఇలా అయ్యిందేమో" అన్న అనుమానం అక్కడే తీరిపోవాలి. తల్లీబిడ్డ ఎక్స్‌ప్రెస్ ఇంటి దగ్గర దించాక అందరి చూపూ బిడ్డ మీదే ఉంటుంది. ఆసుపత్రిలో సాధారణ కాన్పు అయితే 42 రోజుల్లో ఆశా కార్యకర్త ఆరుసార్లు ఇంటికి రావాలి. బిడ్డ బరువు చూసినప్పుడే "నిద్ర పడుతోందా? ఆ రోజు గుర్తొచ్చి భయమేస్తోందా?" అని తల్లిని కూడా అడిగితే సమస్య మొదట్లోనే బయటపడుతుంది.

ఇంట్లో వాళ్లు కూడా "అందరూ కనలేదా?" అనే మాట మానేయాలి. బాలింతకు పథ్యం ఎంత ముఖ్యమో నిద్ర కూడా అంతే ముఖ్యం. రాత్రిపూట పాలు పట్టాక బిడ్డను కాసేపు భర్తో, అమ్మమ్మో చూసుకుంటే ఆమెకు కంటినిండా కునుకు దొరుకుతుంది. చెప్పాలనిపించినప్పుడు వినాలి. చెప్పమని బలవంతం మాత్రం చేయకూడదు.

ఎప్పుడు డాక్టర్ దగ్గరికి?

భయం, పీడకలలు నెల దాటినా తగ్గకపోతే మానసిక వైద్యుడిని కలవాలి. కౌన్సెలింగ్‌తో ఇది నయమవుతుంది. పాలిచ్చే తల్లులు వాడదగ్గ మందులూ ఉన్నాయి. టెలి మానస్ నంబర్ 14416కు ఏ సమయంలోనైనా ఉచితంగా ఫోన్ చేయొచ్చు, తెలుగులోనే మాట్లాడొచ్చు. బెంగళూరు నిమ్హాన్స్‌లో తల్లిని, బిడ్డను విడదీయకుండా చికిత్స చేసే ప్రత్యేక వార్డు 2009 నుంచి ఉంది.

ఒక్క విషయంలో మాత్రం ఆలస్యం వద్దు. చనిపోవాలనిపిస్తోందన్నా, బిడ్డకు హాని చేస్తానేమో అన్నా, నిద్ర లేకుండా పొంతన లేని మాటలు మాట్లాడుతున్నా వెంటనే ఆసుపత్రికి తీసుకెళ్లాలి. ఆమెను ఒంటరిగా వదలొద్దు. గాలి సోకిందనో, దిష్టి తగిలిందనో రోజులు గడపొద్దు.

బిడ్డను చూడటానికి వెళ్లినప్పుడు "బిడ్డ ఎలా ఉంది?" అని అందరూ అడుగుతారు. ఈసారి "నువ్వెలా ఉన్నావమ్మా?" అని కూడా అడగండి.