కోమో సరస్సు చెంత నొక దినము

దేశాటనమునకు దీర్ఘకాలమును, విస్తారమైన ధనమును కావలెనని మనలో పలువురు స్త్రీలు తలంచుచుందురు. ఇల్లు విడిచి పోవుట యెట్లు, పిల్లల భోజనము చూచువారెవరు, పెద్దలకు వేళకు మందులిచ్చువారెవరు అను చింత మనలను ఎల్లప్పుడును వెంబడించుచునే యుండును. పరదేశములకు పోయినవారికి సైతము ఈ చింత తప్పదు. కుమారుని సంసారము చక్కబెట్టుటకో, కుమార్తె పురిటికో విదేశమునకు పోయి, అచ్చట వంటయింటిలోనే ఆఱునెలలు గడపి మఱలి వచ్చిన తల్లులెందఱు లేరు? అట్టివారికి ఒక్కదినపు యాత్ర గొప్ప యవకాశము. ఉదయము బయలుదేఱినచో రాత్రి భోజనమువేళకు ఇల్లు చేరవచ్చును. త్రోవ చూపుటకును, టిక్కెట్లు కొనుటకును, చూచినదాని చరిత్ర చెప్పుటకును ఒక మార్గదర్శి వెంటనుండును. ఇటలీదేశమున మిలాను నగరమునుండి కోమో సరస్సునకు ఇట్టి యాత్రలు విరివిగా నడచుచున్నవి. అట్టి యొక యాత్రలో మేము చూచినదియు, విన్నదియు, సోదరీమణులకు ఉపయోగపడునని తోచినదియు ఇచ్చట వ్రాయుచున్నాము.

కోమో సరస్సు మిలానునకు ఉత్తరముగా, ఆల్ప్సు పర్వతముల పాదమున నున్నది. బస్సులో పోవువారికి కోమో పట్టణము చేరుటకు ఇంచుమించు ఒక గంట పట్టును. పూర్వకాలమున హిమానీనదములు, అనగా కొండలమీదినుండి మెల్లగా జాఱుచు వచ్చు మంచుగడ్డల ప్రవాహములు, లోయను దొలిచివేయుటచే ఈ సరస్సు ఏర్పడినది. దీని వైశాల్యము 146 చదరపు కిలోమీటరులు. లోతు కొన్నిచోట్ల 400 మీటరులకు మించియున్నది. మన కొల్లేరు విశాలమైనదే కాని లోతు లేనిది. ఇదియన్ననో నీటిమట్టము సముద్రముకంటె 198 మీటరుల యెత్తున నుండగా, అడుగు సముద్రమట్టమునకు 200 మీటరులకు పైగా క్రిందనున్నది. దీని యాకారము తలక్రిందు చేసిన పంగలకఱ్ఱను పోలియుండును. కాడ ఉత్తరమునకును, రెండు కొమ్మలు దక్షిణమునకును సాగియున్నవి. నైరృతి కొమ్మ చివర కోమో, ఆగ్నేయపు కొమ్మ చివర లెక్కో, మూడు పాయలును కలియుచోట ముందునకు పొడుచుకొని వచ్చిన నేలమీద బెల్లాజియో, దానికెదురుగా తూర్పు తీరమున వరెన్నా కలవు. ఈ పటము మనస్సున నిలుపుకొనినచో దినమంతయు దిక్కు తెలియక తికమకపడవలసిన పనియుండదు.

మేము మొదట కోమోలో దిగితిమి. మా మార్గదర్శిని ఆ పట్టణముననే పుట్టిపెరిగిన నడివయసు దాటిన స్త్రీ. ఆమె మమ్ములను ప్రధాన దేవాలయమునకు తోడ్కొనిపోయెను. దాని నిర్మాణము 1396లో ప్రారంభమై, శిఖరముతోసహా పూర్తియగుటకు 18వ శతాబ్ది పట్టినది. తాత వేసిన పునాదిమీద మునిమనుమలకు మునిమనుమలు గోడ లేపినారన్నమాట. భుజములును మోకాళ్లును కప్పుకొని లోనికి పోవుట అచ్చటి మర్యాద. చీర కట్టినవారికి అందువలన చిక్కేమియు లేదు. సరస్సు గట్టున తెల్లని గుండ్రని మందిరమొకటి కనబడును. అది 1745లో కోమోలో పుట్టిన అలెస్సాండ్రో వోల్టా స్మారకము. ఆయన శతవర్ధంతి సందర్భమున కట్టబడినది. రాగి, తుత్తునాగము బిళ్లలను నడుమ ఉప్పునీట తడిపిన గుడ్డలతో దొంతిగా పేర్చి, ఎడతెగక విద్యుత్తు పుట్టించు సాధనమును 1800లో లోకమునకు తెలిపినవాడాయనయే. మన యింటి చేతిదీపములోని బ్యాటరీకి అదియే మూలము. విద్యుత్తును కొలుచు "వోల్టు" అను మాటయు ఆయన పేరే.

అటుపై పడవ యెక్కితిమి. కోమోనుండి బెల్లాజియోకు వేగముగా పోవు పడవలు గంటలోపుననే చేరును. రేవురేవునకు ఆగుచు పోవునవి ఇంచుమించు రెండుగంటలు తీసికొనును. మాది రెండవ తరగతిది. రెండు దరులను చూచుటకు నిదానముగా పోవు పడవయే మేలు. నీటి యంచున పసుపు, కావి, గులాబి రంగుల యిండ్లు. వాని వెనుక మెట్లుమెట్లుగా తోటలు. ఆ పైని అడవి. అన్నిటికంటె పైని రాతిశిఖరములు. మా మార్గదర్శిని ప్రతి మేడను చూపి, ఇది ఫలానా ప్రభువుది, ఇది ఫలానా రాకుమారికి పెండ్లికానుకగా వచ్చినది యని చెప్పుచుండెను. అన్నియు వినదగినవే. కాని అరగంట గడచునప్పటికి పేర్లు ఒకదానిమీద నొకటి పడి మాకు గుర్తుండుట మానెను.

అప్పుడు మాతో వచ్చిన మేనత్తగారు, డెబ్బదియేండ్లు దాటిన పెద్దామె, మెల్లగా ననిరి: "అమ్మాయీ, ఈ మేడల లెక్క చాలును గాని, కోమో పట్టు కోమో పట్టు అని మిలానులో అంగడి అంగడినా విన్నాము గదా. ఆ దారము తీసినవారెవరో, వారు ఎట్లు బ్రతికిరో ఆమె నడుగమ్మా."

మేమడిగితిమి. మార్గదర్శిని ఒక క్షణము ఊరకుండి, చేతిలోని కాగితములు మడిచి సంచిలో పెట్టి, మా ప్రక్కన కూర్చుండెను. ఆ పిమ్మట చెప్పినది ఏ కాగితములోను చూచి చెప్పినది కాదు.

ఈ ప్రాంతమున కొన్ని శతాబ్దములపాటు పొలముల గట్లమీద కంబళిచెట్లు పెంచెడివారు. వసంతకాలమున రైతుల యిండ్లలో పట్టుపురుగులను సాకుట ఆడువారి పని. పురుగులకు చలి తగులకుండ, ఆకు తడవకుండ, రేయింబవళ్లు కనిపెట్టియుండవలెను. గూళ్లు సిద్ధమైన వెనుక వానిని దారము తీయు కర్మాగారములకు పంపెడివారు. అచ్చటను పనివారు స్త్రీలును, ఆడపిల్లలునే. పొగలుగ్రక్కు వేడినీళ్ల తొట్లలో గూళ్లను నానవేసి, చిన్నపిల్లలు కుంచెతో కదలించి దారపు కొసలను పైకి తెచ్చెడివారు. అనుభవము కలిగినవారు అయిదాఱు గూళ్ల కొసలను కలిపి ఒక్క దారముగా రాట్నమునకెక్కించెడివారు. పురుగుల కంపు, ఆవిరి, తడి. దారము తెగినచో కూలిలో కోత. "మా అమ్మమ్మ 12వ యేట ఆ పనికి పోయినది. ముసలితనమునందును ఆమె వ్రేళ్లకొసలు ముడుతలు పడి, అప్పుడే నీళ్లలోనుండి తీసినట్లుండెడివి" అని మార్గదర్శిని తన చేతివ్రేళ్లను చాచి చూపెను.

ఈ కష్టము ఎవరికిని కనబడకపోలేదు. ఇటలీదేశమున 1902లో స్త్రీలు, పిల్లల పనినిగూర్చి ఒక శాసనము చేయబడినది. కర్మాగారములలో 12 ఏండ్లలోపు పిల్లలను పెట్టుకొనరాదనియు, స్త్రీలచేత దినమునకు 12 గంటలకు మించి పని చేయింపరాదనియు, ప్రసవమైన స్త్రీని ఇంచుమించు నెలదినములవరకు పనిలోనికి తీసికొనరాదనియు అందు విధించిరి. ఆ శాసనము కార్కానో పేర ప్రసిద్ధము. దానిని ప్రతిపాదించిన మంత్రి పావొలో కార్కానో కోమోలో పుట్టినవాడే. 12 గంటలు అనునది నేడు మనకు క్రూరముగా తోచును. అది హద్దుగా పెట్టవలసివచ్చినదన్నచో అంతకుముందు స్థితి యెట్టిదో యూహింపవచ్చును. పైగా ఆ నెలదినములకు కూలి లేదు. ప్రసూతి సహాయమునకు నిధి యేర్పడుటకు 1910వ సంవత్సరము రావలసివచ్చెను.

పట్టుపనివారికి మఱియొక దెబ్బ అంతకుముందే తగిలియుండెను. 19వ శతాబ్ది నడుమ పెబ్రిన్ అను తెగులు ఐరోపాలోని పట్టుపురుగులను నాశనము చేసెను. ఇటలీ వర్తకులు ఆరోగ్యమైన గ్రుడ్లకొఱకు జపానుదాక పోయిరి. ఫ్రాన్సుదేశమున లూయీ పాశ్చరు ఆ తెగులు తల్లినుండి గ్రుడ్డునకు సంక్రమించునని కనుగొని, తల్లి సీతాకోకను సూక్ష్మదర్శినితో పరీక్షించు పద్ధతిని నెలకొల్పెను. మన హిందూపురము ప్రాంతమున పట్టుపురుగులు పెంచు ఆడువారికి నేడు అందు గ్రుడ్లు సైతము ఆ పరీక్ష జరిగిన పిమ్మటనే వచ్చుచున్నవి. ఎచ్చటి తెగులు, ఎచ్చటి మందు! మేనత్తగారు ఈ మాట విని, "మడికి కట్టు పట్టుచీరకు ఇంత కథ యున్నదా" అని ఆశ్చర్యపడిరి.

రెండవ ప్రపంచయుద్ధము తరువాత ఇచ్చటి పురుగుల పెంపకము అంతరించినది. నేడు ముడిపట్టు ముఖ్యముగా చీనానుండి వచ్చుచున్నది. నేత, రంగు, అచ్చుపని మాత్రము కోమోలో నిలిచియున్నవి. 1868లో స్థాపింపబడిన పట్టు పాఠశాల యిప్పటికిని నడచుచున్నది. 1990లో తెఱచిన పట్టు ప్రదర్శనశాలలో పాత యంత్రములను చూడవచ్చును. ఒక్కదినపు యాత్రలలో సామాన్యముగా దీనికి వేళ యుంచరు. కోరిక కలవారు కోమోకు రైలులో తామే వచ్చి మఱియొక పూట దీనికి కేటాయించుట మంచిది.

బెల్లాజియో చేరునప్పటికి మధ్యాహ్నమైనది. ఈ సరస్సుమీద ఉదయము ఉత్తరమునుండి వీచు గాలిని తివానో యనియు, మధ్యాహ్నము దక్షిణమునుండి వీచు గాలిని బ్రేవా యనియు పిలుతురు. పడవ వెలుపలి భాగమున కూర్చుండు స్త్రీలు ఒక శాలువ దగ్గఱ నుంచుకొనుట యవసరము. ఊరి వీథులు రాతిమెట్ల సందులు. ఇరుప్రక్కల పట్టు అంగళ్లు. మోకాళ్ల నొప్పులు కలవారు ఆ మెట్లెక్కనక్కఱలేదు. గట్టు వెంబడి సమముగానున్న బాటను పోయినచో మెల్జీ ప్రభువు తోట వచ్చును. నెపోలియను కాలమున ఇటలీ గణరాజ్యమునకు ఉపాధ్యక్షుడైయుండిన ఫ్రాంచెస్కో మెల్జీ 1808 మొదలు ఈ భవనమును కట్టించెను. మేనత్తగారు "మీరు మెట్లెక్కి రండి, నేనిచ్చటనే కూర్చుందును" అనగా మేమందఱమును ఆ తోటకే పోయితిమి. ఒకరిని గట్టుమీద విడిచి తక్కినవారు చూచివచ్చిన యాత్ర యాత్ర కాదు.

భోజనమునుగూర్చి రెండుమాటలు. ఇచ్చటివారికి సరస్సు చేపలు ప్రియము. శాకాహారులు పొలెంతా కోరవచ్చును. అది మొక్కజొన్నపిండిని నీటిలో గరిటెతో కలియబెట్టి యుడికించునది. రుచియందు వేఱైనను రూపమున మన సంకటికి చెల్లెలు. కాని అన్నపు వంటకములను మాంసరసముతో నుడికించు అలవాటు కలదు. జున్నునందు దూడ కడుపునుండి తీసిన తోడు చేరియుండవచ్చును. నియమము కలవారు ముందుగా అడిగి తెలిసికొనవలెను. పులిహోర పొట్లము సంచిలో నుండుట అన్నిటికంటె నిశ్చింత.

బెల్లాజియోనుండి వరెన్నాకు పడవలో పావుగంట ప్రయాణము. ఇది పల్లెకారుల యూరు. నీటిపైని ఇనుపకమ్ములతో కట్టిన సన్నని నడవ వెంబడి ఊరిలోనికి పోవలెను. ఇచ్చటి మొనాస్తేరో భవనము పూర్వము సన్యాసినుల మఠము. పిమ్మట ధనికుల గృహమైనది. 1953 మొదలు భౌతికశాస్త్రజ్ఞుల వేసవి పాఠశాల ఇందు జరుగుచున్నది. ఎన్రికో ఫెర్మి తన కడపటి సంవత్సరమగు 1954లో ఇచ్చట ఉపన్యసించెను. ఊరికి సమీపమున ఫ్యూమెలాత్తె యను ఏఱు కలదు. దాని నిడివి 250 మీటరులే. వసంతమునుండి శరత్తువఱకు మాత్రమే నురుగులు క్రక్కుచు తెల్లగా ప్రవహించును. పేరునకు "పాలేఱు" అని యర్థము. మన ఖమ్మము సీమయందును ఆ పేరు గల యేఱున్నది. తెల్లని నీటిని చూచి పాలు తలచుకొనుట ఏ దేశపు మనుష్యులకైన నొక్కటే కాబోలు.

ఇట్టి యాత్రలో లాభమెంత, నష్టమెంత యని సోదరీమణులు అడుగవచ్చును. లాభము స్పష్టమే: భాష రానివారును, ఒంటరిగా పోవ వెఱచువారును నిశ్చింతగా పోయి రావచ్చును; మఱియు దినమంతయు ఇంటివారి వేళలను కనిపెట్టియుండు స్త్రీకి తన వేళను మఱియొకరు కనిపెట్టుట గొప్ప విశ్రాంతి. నష్టమేమనగా, గడియారము మన చేతిలోనుండదు. నచ్చినచోట గంట నిలుచుటకు వీలులేదు. వేసవి నడుమ జనసమ్మర్ద మధికము. ఏప్రిలు, మే నెలలును, సెప్టెంబరును మేలు. మెత్తని అడుగుగల చెప్పులు, శాలువ, నీళ్లసీసా, చిల్లర నాణెములు వెంటనుండవలెను. మార్గదర్శి చెప్పిన వేళకు అయిదు నిమిషములు ముందే రేవునకు చేరవలెను.

వీనికంటె ముఖ్యమైనది ఒకటి కలదు. మార్గదర్శి తాను నిత్యమును చెప్పునదే చెప్పును. కట్టించినవారి పేర్లే ముందుగా వచ్చును. వండినవారెవరు, నేసినవారెవరు, బిడ్డను తొట్టెలో నుంచి పనికి పోయినవారెవరు అను ప్రశ్న గృహిణికి సహజముగా తోచునది. దానిని సిగ్గుపడి మ్రింగివేయక అడుగవలెను. మేనత్తగారి యొక్క ప్రశ్నవలన మాకు లభించిన కథ ఆ మేడలన్నిటికంటె ఎక్కువ కాలము జ్ఞాపకముండును. కోమోకు పోలేనివారు పోచంపల్లికో, ధర్మవరమునకో ఒకదినము పోయి, మగ్గము ముందు కూర్చున్నవారి నడుగవచ్చును. వారి చేతులను చూచినవారు పట్టుచీర వెల బేరమాడునప్పుడు ఒక్కక్షణము ఆగుదురని మా నమ్మకము.