నోటు తిరుగవ్రాసిన లెక్క

మచ్చ బొల్లారము 2007లో అల్వాల్ పురపాలక సంఘముతో పాటు హైదరాబాదు మహానగరమున చేరినది. ఊరు నగరమైనను, పల్లెగా మిగిలినను అప్పు మాట యొక్కటే: "నూటికి రెండు రూపాయల వడ్డీ." అది నెలకని మరువరాదు, ఏడాదికి 24 రూపాయలగును.

ప్రామిసరీ నోటుకు కాలపరిమితి మూడేండ్లు. గడువు దాటకముందే వడ్డీని అసలులో కలిపి నోటు తిరుగవ్రాయింతురు. ఇదియే చక్రవడ్డీ. లెక్క కట్టి చూతము. 10,000 రూపాయల అప్పు మూడేండ్లకు 17,200, ఆరేండ్లకు 29,584, తొమ్మిదేండ్లకు 50,884 రూపాయలగును. అసలు వడ్డీయే యైనచో తొమ్మిదేండ్లకు 31,600 మాత్రమే. మిగిలిన 19,284 రూపాయలు వడ్డీపై పుట్టిన వడ్డీ.

ఈ చక్రమే దాచుకొనువానికి తోడగును. 2023 ఏప్రిల్‌లో నిర్ణయించిన 7.5 శాతము వడ్డీ ప్రకారము తపాలా కార్యాలయపు కిసాన్ వికాస పత్రములో 10,000 రూపాయలు 115 నెలలకు, అనగా తొమ్మిదిన్నర యేండ్లు దాటిన పిదప, రెట్టింపగును. దాదాపు అదే కాలమున అప్పు అయిదింతలగుచున్నది. కావున అప్పున్నవారు ముందు అప్పు తీర్చి, పిదప దాచుకొనవలెను. తీర్చలేనివారు ఏటి వడ్డీనైనను ఆ యేడే చెల్లించి, రసీదు పొంది, దానిని అసలులో చేరనీయకుండవలెను.

నోటు తిరుగవ్రాయునపుడు సాక్షి సంతకమునకై మీయొద్దకే వత్తురు. సంతకమునకు ముందు ఈ లెక్క వారికి వేసి చూపవలసినదిగా పంచాయతీ సభ్యులకు మేము మనవి చేయుచున్నాము.