మల్లుల బరిలో దైవసన్నిధి

జపాన్ దేశపు సుమో క్రీడ అనగానే భారీకాయులైన ఇద్దరు మల్లులు మన కళ్లముందు మెదులుతారు. కొన్ని క్షణాల్లో ముగిసే ఆ పోరు చూపరులకు వినోదం. కానీ ఆ దేశపు ప్రాచీన ధర్మమైన షింటోలో అది దైవానికి సమర్పించే సేవ. కొండల్లో, నదుల్లో, వృక్షాల్లో నెలకొన్న దేవతలను వారు ‘కామి’ అని పిలిచి కొలుస్తారు.

క్రీ.శ. 712 నాటి ‘కొజికి’ గ్రంథం ఇజుమో తీరంలో తకెమికజుచి, తకెమినకత అనే దేవతలు భుజబలంతో తలపడిన వృత్తాంతాన్ని చెబుతుంది. రాజ్యాధికారం ఎవరిదో తేల్చిన ఆ పోరునే సుమోకు మూలకథగా భావిస్తారు.

బరిని ‘దొహ్యో’ అంటారు. బంకమట్టి దిమ్మెపై వరిగడ్డి చుట్టలతో ఏర్పరచిన 4.55 మీటర్ల వలయమది. పోటీలకు ముందురోజు న్యాయనిర్ణేతలు అర్చక వస్త్రాలు ధరించి దేవతలను ఆవాహన చేస్తారు. బరి నడుమ గుంటలో బియ్యం, ఉప్పు, సముద్రపు నాచు వంటివి నివేదించి పూడ్చివేస్తారు. 15 రోజుల పోటీలు ముగిశాక ఉద్వాసన చెబుతారు. మల్లులు ఉప్పు చల్లేది బరి శుద్ధికి. పాదాలతో నేలను బలంగా తాకించేది దుష్టశక్తులను పారదోలడానికి. బరిపై వేలాడే కప్పు సైతం షింటో ఆలయ శిఖరాన్ని తలపిస్తుంది.

ఒమిషిమా ద్వీపంలోని ఒయమజుమి ఆలయ ఆచారం మరింత విశేషమైనది. వరినాట్ల వేడుకలోనూ, కోతల వేడుకలోనూ మల్లుడు ఒక్కడే బరిలోకి దిగుతాడు. ప్రత్యర్థి కంటికి కనిపించని ధాన్యదేవత. మూడు పట్లలో రెండింట దేవతదే గెలుపు. మానవుడు ఓడితేనే పంట సమృద్ధిగా పండుతుందని అక్కడివారి నమ్మకం.

ఇంతటి పవిత్రభావం ఒకనాడు కఠిన పరీక్షకు గురైంది. దొహ్యోపై స్త్రీలు అడుగిడరాదన్నది నేటికీ కొనసాగుతున్న నియమం. 2018 ఏప్రిల్ 4న మైజురు నగరంలో బరిపై ప్రసంగిస్తూ మేయరు కుప్పకూలారు. కొందరు స్త్రీలు పరుగున వచ్చి ప్రాణరక్షణ చికిత్స ప్రారంభించారు. బరి దిగిపొమ్మని వారికి ప్రకటనలు వినిపించాయి! ఆ చికిత్స పొందిన మేయరు బతికారు. సుమో సంఘం అధ్యక్షుడు ఆ రోజే క్షమాపణ చెప్పారు. ప్రాణాపాయ వేళ నియమానికి మినహాయింపు ఉంటుందని సంఘం తరువాత స్పష్టం చేసింది.

ఆచారం దైవంపట్ల భక్తిని నిలిపే కట్టుబాటు. ప్రాణం ఆ దైవమిచ్చిన వరం. రెండూ ఎదురైనప్పుడు దేనికి దారి ఇవ్వాలో ధాన్యదేవత ముందు తలవంచే ఆ ఒంటరి మల్లుడే చెబుతున్నాడు. తన పట్టు సడలించుకొని లోకానికి అన్నం కోరుకోవడమే అతని ఆరాధన. నియమపాలకులు సైతం అవసర సమయంలో పట్టు సడలించి ప్రాణాన్ని కాపాడితే, ఆ ఓటమి దైవానికి ప్రీతిపాత్రమైన నివేదనే అవుతుంది.