ఎదిగిన పిల్లిని ఇంటికి తెచ్చుకుందాం

పిల్లిని పెంచుకుందామని షెల్టర్‌కి వెళ్లినవాళ్లు ముందు కూనల దగ్గరే ఆగిపోతారు. అరచేతిలో ఇమిడే కూనను చూస్తే ఎవరికైనా ముద్దొస్తుంది మరి. పక్క గదిలో మూడేళ్ల పిల్లి ఒళ్లు విరుచుకుని లేస్తుంది. తోక నిటారుగా నిలిపి, కొస కాస్త వంచి, కమ్మీల దాకా నడిచొస్తుంది. వేలు చాపితే నుదుటితో నెట్టి, బుగ్గ రుద్ది, గుర్రుగుర్రుమంటుంది. ఈక కట్టిన పుల్ల ఊపితే చాలు, కనుపాపలు విప్పారి, నడుము అటూఇటూ ఊపి ఒక్క దూకు దూకుతుంది. అయినా ‘పెద్దదైపోయింది, ఇక మనకేం మాలిమి అవుతుందిలే’ అనుకుని సాగిపోతారు. నల్లదైతే శకునం భయమూ తోడవుతుంది.

మాలిమి అవుతుందో లేదో ముందే తెలిసేది ఎదిగిన పిల్లి దగ్గరే. పుట్టిన రెండో వారం నుంచి ఏడో వారం దాకా మనుషుల చేతుల్లో మెలిగిన కూనకు బెరుకు తక్కువ. కానీ కూనను చూసి, అది పెద్దయ్యాక ఒళ్లో చేరుతుందో, అల్మారా ఎక్కి కూర్చుంటుందో చెప్పలేం. ఎదిగినదాని స్వభావం మన కళ్లముందే ఉంటుంది. పిల్లలున్న ఇంటికి సరిపడుతుందా, కుక్కతో సర్దుకుంటుందా అన్నది రోజూ దానికి తిండి పెట్టేవాళ్లే చెబుతారు. 1992లో అక్కినేని అమల నెలకొల్పిన హైదరాబాద్ బ్లూ క్రాస్ లాంటి సంస్థలు చేరదీసిన జంతువులను దత్తతకు ఇస్తున్నాయి.

ఇంత మంచి పిల్లి షెల్టర్‌కెందుకు చేరింది? చాలాసార్లు తప్పు దానిది కాదు. అద్దింటి ఓనరు ఒప్పుకోడు, ఉద్యోగం విదేశాల్లో వస్తుంది. కోడలు నెల తప్పిందని వదిలేసేవాళ్లూ ఉన్నారు. వాళ్ల భయం కడుపులోని బిడ్డకు హాని చేసే టాక్సోప్లాస్మా క్రిమి గురించి. ఆ క్రిమి పిల్లి మలంలో బయటికొచ్చాక, మనకు అంటుకునే స్థితికి రావడానికి కనీసం ఒక రోజు పడుతుంది. పిల్లి మలవిసర్జన చేసే ఇసుక ట్రేని రోజూ ఇంట్లో ఇంకొకరు శుభ్రం చేసి, మాంసం బాగా ఉడికించి, కూరగాయలు కడిగి వండితే ముప్పు బాగా తగ్గుతుంది. డాక్టరుతో ఒక్క మాట మాట్లాడితే తీరేదానికి పిల్లిని వీధిపాలు చేయడం అన్యాయం.

తెచ్చిన మొదటి రోజుల్లో అది మంచం కింద దూరుతుంది. బయటికి లాగకండి. ఒక గదిలో నీళ్లు, తిండి, ఇసుక ట్రే పెట్టి, నేలమీద కూర్చుని మెల్లగా కళ్లు మూసి తెరవండి. పిల్లుల మధ్య అది స్నేహమే. రెండు మూడు వారాల్లో చాలా పిల్లులు కుదురుకుంటాయి. పాలు పోయొద్దు, ఎదిగిన పిల్లుల్లో చాలావాటికి అరగవు. పెరుగన్నంతో సరిపెట్టినా కుదరదు. మాంసంలో దొరికే టారిన్ లేకపోతే చూపు, గుండె దెబ్బతింటాయి. ఇంట్లో మాంసం ముట్టనివాళ్లు ఈ సంగతి ముందే తేల్చుకోవాలి. పారాసెటమాల్ ఒక్క మాత్ర కూడా దాని ప్రాణం తీస్తుంది. అపార్ట్‌మెంట్ అయితే బాల్కనీకి వల తప్పనిసరి. రేబిస్ టీకా, పిల్లలు పుట్టకుండా ఆపరేషన్ అయ్యాయో లేదో అడిగి తెలుసుకోండి.

ఈసారి షెల్టర్‌కి వెళితే ఎదిగిన పిల్లుల గదిని చూపించమనండి. అరగంట అక్కడే కూర్చోండి. మీ దగ్గరికొచ్చిన పిల్లిని తెచ్చుకోండి.