లెక్కల్లో పీజీ: హడగలి నుంచి మైసూరు రోడ్డు దాకా

ఎస్సెస్సెల్సీ అయ్యాక పీయూసీలో సైన్సు, ఆపైన సీఈటీ, దాని వెనకే కంప్యూటర్ సైన్సు. బెంగళూరులోని తెలుగు ఇళ్లలో పిల్లల చదువు మాట వస్తే వినిపించే వరుస ఇదే. లెక్కలంటే ప్రాణం పెట్టే పిల్ల ఉన్న ఇంట్లోనూ అంతే. “గణితంలో ఎమ్మెస్సీ చేస్తే ఏమొస్తుంది, చివరికి టీచరు ఉద్యోగమేగా” అని తేల్చేస్తారు. (టీచర్లు చదివే పేజీలోనే ఈ మాట రాస్తున్నాం, మన్నించాలి.) దీనికి జవాబు చెప్పాలంటే ముందు మన నేల మీద పుట్టిన ఒక తెలుగువారి సంగతి చెప్పుకోవాలి.

కల్యంపూడి రాధాకృష్ణారావు 1920 సెప్టెంబరు 10న హడగలిలో పుట్టారు. అప్పుడది మద్రాసు ప్రెసిడెన్సీ, ఇప్పుడు కర్ణాటకలోని విజయనగర జిల్లా. ఇంట్లో ఎనిమిదో సంతానం కాబట్టి కృష్ణుడి పేరు పెట్టారు. తండ్రి పోలీసు ఇన్‌స్పెక్టరు. బదిలీల వెంట చదువు గూడూరు, నూజివీడు, నందిగామ, విశాఖపట్నం తిరిగింది. తల్లి లక్ష్మీకాంతమ్మ రోజూ తెల్లవారుజామున నాలుగింటికి లేపి, నూనెదీపం వెలిగించి చదువుకు కూర్చోబెట్టేవారు. పెద్దయ్యాక తన పుస్తకాన్ని ఆవిడకు అంకితమిస్తూ ఆయనే ఈ సంగతి రాసుకున్నారు. ఊరూరా బడి మారిన పిల్లవాడు ఇక నిలదొక్కుకోలేడని బెంగపడే తల్లిదండ్రులు ఈ ఒక్క వాక్యం గుర్తుపెట్టుకోవచ్చు.

ఆంధ్ర విశ్వకళాపరిషత్తులో గణితం చదివి బయటికొచ్చేసరికి యుద్ధం రోజులు. సైన్యంలో సర్వే విభాగం ఉద్యోగం కోసం కలకత్తా వెళ్తే అది రాలేదు. బస చేసిన చోట ఒకాయన పరిచయమయ్యాడు. ప్రశాంత చంద్ర మహలనోబిస్ 1931లో పెట్టిన ఇండియన్ స్టాటిస్టికల్ ఇన్‌స్టిట్యూట్‌లో శిక్షణ పొందుతున్న మనిషి. అలా రావుగారు 1941 జనవరిలో అక్కడ చేరారు. ఆ ఏడాదే కలకత్తా విశ్వవిద్యాలయం స్టాటిస్టిక్స్‌లో ఎంఏ మొదలుపెట్టింది. ఆ తొలి బ్యాచ్‌లో చదివి 1943లో బంగారు పతకంతో బయటికొచ్చారు. అప్పటికి చాలామందికి ఆ సబ్జెక్టు పేరే తెలియదు.

ఆ మరుసటి ఏడాదే ఆయన కలకత్తాలో పాఠం చెబుతున్నారు. అసలు కథ ఇక్కడ మొదలవుతుంది. ఒకరోజు క్లాసులో ఫిషర్ కనుక్కున్న ఒక ఫలితం చెప్పారు. అది చాలా పెద్ద నమూనాలకు వర్తించే ఫలితం. వి.ఎం. దండేకర్ అనే విద్యార్థి, తర్వాత ఆర్థికవేత్తగా దేశమంతటికీ తెలిసిన మనిషి, లేచి “చిన్న నమూనాలకు కూడా ఇలాంటిది నిరూపించవచ్చు కదా?” అని అడిగాడు. మాస్టారికి అప్పటికి జవాబు తెలియదు. ఆ రాత్రి కూర్చుని తేల్చి, మర్నాడు క్లాసులో చెప్పారు. 1945లో అది కలకత్తా మ్యాథమెటికల్ సొసైటీ పత్రికలో అచ్చయింది. స్వీడన్‌కు చెందిన క్రామర్ కూడా విడిగా అదే కనుక్కోవడంతో ప్రపంచం దాన్ని క్రామర్–రావు అసమానత అంటుంది. అప్పటికి రావుగారికి పాతికేళ్లు కూడా లేనట్టే.

అందులో ఏముంది? ఒక బడిలో 2000 మంది పిల్లలున్నారు, వాళ్ల సగటు ఎత్తు కావాలి. అందరినీ కొలవలేక 25 మందిని కొలిచి సగటు వేశాం. అసలు సగటుకూ దీనికీ ఎంతో కొంత తేడా ఉంటుంది. 100 మందిని కొలిస్తే ఆ తేడా సుమారుగా సగానికి తగ్గుతుంది: నాలుగింతలు కష్టపడితే పొరపాటు సగమవుతుందన్నమాట. మరి కష్టం పెంచకుండా, ఆ 25 కొలతలతోనే ఇంకేదో తెలివైన పద్ధతి పట్టి పొరపాటును ఎంతైనా తగ్గించవచ్చా? కుదరదు. ఒకవైపుకు మొగ్గకుండా వేసే ఏ అంచనాకైనా ఇంత పొరపాటు తప్పదనే హద్దు ఒకటుంది, ఎంత తెలివైనవాడైనా దాని కిందికి వెళ్లలేడు. ఆ హద్దును లెక్క కట్టి చూపించేదే ఈ అసమానత. 2023లో ఇంటర్నేషనల్ ప్రైజ్ ఇన్ స్టాటిస్టిక్స్ ఆయనకు దక్కింది 1945 నాటి ఈ వ్యాసానికే. అదే ఏడాది ఆగస్టు 22న, 102 ఏళ్ల వయసులో, అమెరికాలో కన్నుమూశారు.

ఇప్పుడు మన ఊరికి వద్దాం. రావుగారు చదివి, పనిచేసి, పెంచిన ఆ ఇన్‌స్టిట్యూట్‌కు మైసూరు రోడ్డులో, ఆర్వీ ఇంజినీరింగ్ కాలేజీ దగ్గర ఒక కేంద్రం ఉంది. ఇంజినీరింగ్ సీటు కోసం ఆ దారిన తిరిగే తల్లిదండ్రుల్లో ఎంతమంది ఆ గేటు చూసి ఉంటారో! పీయూసీ తర్వాత బీమ్యాథ్, డిగ్రీ తర్వాత ఎంమ్యాథ్ అక్కడ చెబుతారు. స్టాటిస్టిక్స్‌లో పీజీ అయిన ఎంస్టాట్‌కు కోల్‌కతానే పుట్టిల్లు.

డబ్బు సంగతి ముందే చెప్పాలి, ఎందుకంటే చాలా ఇళ్లలో నిర్ణయం అక్కడే ఆగిపోతుంది. ఈ కోర్సులకు ట్యూషన్ ఫీజు లేకపోగా, విద్యార్థికే నెలనెలా స్టైపెండు ఇస్తూ వచ్చారు. పీజీకి అది నెలకు 8000 రూపాయలుగా ఉంది. సరిగా చదవకపోతే ఆ స్టైపెండు కొనసాగదు. నియమాలు మారుతుంటాయి కాబట్టి దరఖాస్తుకు ముందు ఆ ఏటి ప్రాస్పెక్టస్ చూసుకోవాలి. ప్రైవేటు కాలేజీలో ఇంజినీరింగ్ సీటుకు అప్పు చేయబోయే తండ్రి, పిల్లకు నిజంగా లెక్కలు ఇష్టమైతే, ఈ రెండు దారులనూ పక్కపక్కన పెట్టి చూడాలి. బీమ్యాథ్‌కు పీయూసీలో గణితం, ఇంగ్లీషు ఉంటే చాలు. అంటే కామర్స్‌లో గణితం తీసుకున్న పిల్లలకూ తలుపు తెరిచే ఉంది.

సీటు మాత్రం ఊరికే రాదు. ప్రవేశ పరీక్షలో రెండు పేపర్లు: ఒకటి బహుళైచ్ఛికం, రెండోది పూర్తిగా రాసి చూపించాల్సింది. తర్వాత ఇంటర్వ్యూ. పరీక్ష మామూలుగా మే నెలలో ఉంటుంది. కోచింగులో మెరికల్లాంటి పిల్లలు కూడా రెండో పేపరు దగ్గర తడబడతారు. జవాబు ఒక్కటే రాస్తే సరిపోదు, అది ఎందుకు నిజమో వాక్యాల్లో చెప్పాలి.

గణితమా, స్టాటిస్టిక్సా అన్నది తర్వాతి ప్రశ్న. రెండింటికీ బీజగణితం, కలనం, సంభావ్యత పునాది. ఆపైన దారులు చీలతాయి. గణితంలో పీజీ అంటే చాలా భాగం నిరూపణలు. స్టాటిస్టిక్స్ అంటే సంభావ్యతతో పాటు నమూనా సర్వేలు, ప్రయోగాల రూపకల్పన, కంప్యూటర్ మీద లెక్కలు. ఉద్యోగాల విషయంలో రెండోదానికి దారులు ఎక్కువ కనిపిస్తాయి: యూపీఎస్సీ నిర్వహించే ఇండియన్ స్టాటిస్టికల్ సర్వీస్, రిజర్వు బ్యాంకులో గణాంక విభాగం, బీమా, మందుల పరీక్షలు, మన ఊళ్లోని డేటా కంపెనీలు. గణితం చదివినవాళ్లు పరిశోధనకు, బోధనకు ఎక్కువగా వెళ్తారు. కాకపోతే బలమైన గణితం ఉన్నవాడు స్టాటిస్టిక్స్‌కు మారడం తేలిక, వెనక్కి రావడం కష్టం. రావుగారు నడిచింది మొదటి దారినే. ఏదీ తేల్చుకోలేని పిల్లలకు మేము చెప్పేదీ అదే.

మైసూరు రోడ్డు ఒక్కటే కాదు. ఐఐఎస్సీ గణిత విభాగంలో పీజీ, పీహెచ్‌డీ కలిసిన కోర్సు ఉంది. యలహంక వైపు టాటా ఇన్‌స్టిట్యూట్ వారి అనువర్తిత గణిత కేంద్రం అటువంటిదే నడుపుతోంది. బెంగళూరు విశ్వవిద్యాలయం జ్ఞానభారతి ఆవరణలో స్టాటిస్టిక్స్ ఉంది. ఐఐటీల జామ్ పరీక్షలో గణితానికి, గణిత సాంఖ్యకానికి వేర్వేరు పేపర్లుంటాయి, కావాలంటే రెండూ రాయవచ్చు.

ఇక మన బళ్లకు ప్రత్యేకమైన భయం భాష. పదో తరగతి దాకా లెక్కలు తెలుగులో నేర్చుకున్న పిల్ల ఈ ఇంగ్లీషు పరీక్షల ముందు నిలబడగలదా? మాటల మేరకు భయం పెద్దది కాదు. సమితి, ప్రమేయం, అవధి, సంభావ్యత, బాహుళకం, మధ్యగతం: పిల్లకు వీటి అర్థం తెలిస్తే ఇంగ్లీషు పేరు నేర్చుకోవడం కొన్ని వారాల పని. హైదరాబాదులో 1968లో ఏర్పడిన తెలుగు అకాడమీ ఇంటర్, డిగ్రీ గణితం తెలుగులో అచ్చువేసింది. ఆ పుస్తకాలు బడి లైబ్రరీలో ఉంటే రెండు భాషల పదాలూ పక్కపక్కన పెట్టి చూపవచ్చు. ఇదేమీ కొత్త పనికాదు. తొమ్మిదో శతాబ్దంలో, కన్నడ దేశాన్ని అమోఘవర్షుడు ఏలుతున్నప్పుడు, మహావీరాచార్యుడు సంస్కృతంలో రాసిన గణితసారసంగ్రహాన్ని పావులూరి మల్లన తెలుగు పద్యాల్లోకి తెచ్చాడు. కన్నడ నేల లెక్క తెలుగులోకి వచ్చి వెయ్యేళ్లు కావస్తోంది.

అసలు లోటు నిరూపణ రాసే అలవాటులో ఉంది. 2 వర్గమూలం కరణీయ సంఖ్య అని నిరూపించే పాఠం పదో తరగతిలో ఉంది, మన పిల్లలు దాన్ని మార్కుల కోసం కంఠతా పడుతున్నారు. దానికి బదులు ఎనిమిదో తరగతి నుంచే వారానికో చిన్న ప్రశ్న ఇచ్చి చూడండి. ఉదాహరణకు: ఏ ఐదు పూర్ణసంఖ్యలు తీసుకున్నా, వాటిలో మూడింటి మొత్తం 3తో నిశ్శేషంగా భాగించబడుతుంది. ఎందుకు? ప్రతి సంఖ్యనూ 3తో భాగిస్తే శేషం 0, 1 లేదా 2 వస్తుంది. మూడు రకాల శేషాలూ ఉంటే ఒక్కోదాన్నుంచి ఒక్కో సంఖ్య తీసుకుంటాం, శేషాల మొత్తం 3. లేదంటే ఐదు సంఖ్యలూ రెండు రకాల్లోనే ఇమిడాయి, అప్పుడు ఒక రకంలో కనీసం మూడుంటాయి. ఆ మూడింటినీ తీసుకుంటే సరి. దీన్ని పిల్ల తన మాటల్లో, తెలుగులోనే, ఐదు వాక్యాల్లో రాయగలిగితే ఆ రెండో పేపరుకు కావలసిన అలవాటు మొదలైనట్టే.

ఇప్పటికే డిగ్రీలో ఉన్న పిల్లలకైతే వేసవిలో ఎంటీటీఎస్ శిక్షణ శిబిరాలున్నాయి. 1993లో ఆచార్య ఎస్. కుమరేశన్ మొదలుపెట్టినవి. అక్కడ పాఠం చెప్పడం తక్కువ, ప్రశ్నలతో పిల్లల చేతనే రాబట్టడం ఎక్కువ. బీఎస్సీ పిల్లలు దరఖాస్తు పెట్టుకోవచ్చు. మన బడిలో చదివి వెళ్లి ఇప్పుడు డిగ్రీలో లెక్కలు తీసుకున్న పాత విద్యార్థులు ఎవరైనా ఉంటే హెడ్‌మాస్టర్లు ఈ కబురు వాళ్లకు అందించాలి.